మీ ఇంటి వంశవృక్షం గీసి, వంశపారంపర్య జబ్బుల లెక్క చూసుకోవడం ఎలా?

పెళ్లి మాటలు మొదలైతే జాతకాల కాగితాలు ఆ సాయంత్రానికే బీరువాలోంచి బయటికొస్తాయి. అదే ఇంట్లో "మీ నాయనమ్మకు ఎంతమంది పిల్లలు పుట్టారు, ఎంతమంది దక్కారు?" అని అడిగి చూడండి. ఠక్కున చెప్పేవాళ్లు ఉండరు. నేను హైస్కూల్లో బయాలజీ చెప్పి రిటైరయ్యాను. "మేనరికం చేసుకోవచ్చా మాష్టారూ?" అని ఇప్పటికీ ఎవరో ఒకరు వచ్చి అడుగుతూనే ఉంటారు. వాళ్లకు కావలసింది అవును, కాదు అనే ఒక్క మాట. నేను మాత్రం తెల్లకాగితం, పెన్సిలు చేతికిచ్చి కూర్చోబెడతాను. ఆ కాగితం మీద ఏం గీయాలో, గీశాక దాన్ని ఎలా చదవాలో రాస్తున్నాను. ఒక ఆదివారం మధ్యాహ్నం చాలు. ఫోన్లు మాత్రం చాలా చేయాల్సి వస్తుంది.

ముందు గుర్తులు నేర్చుకోండి

డాక్టర్లు ప్రపంచమంతా దాదాపు ఒకే గుర్తులు వాడతారు కాబట్టి మనమూ అవే వాడదాం. మగవాళ్లకు చతురస్రం, ఆడవాళ్లకు సున్నా. ఆడో మగో తెలియకపోతే నిలబెట్టిన డైమండు. భార్యాభర్తల మధ్య అడ్డగీత, ఆ గీత నుంచి కిందికి పిల్లలు, పెద్దవాళ్లు ఎడమవైపు, చిన్నవాళ్లు కుడివైపు. చనిపోయినవాళ్ల గుర్తు మీద ఏటవాలుగా ఒక గీత కొట్టి, పక్కనే ఏ వయసులో పోయారో రాయండి. కడుపులోనే పోయినవాళ్లకు చిన్న త్రిభుజం. జబ్బు ఉన్నవాళ్ల గుర్తును పెన్సిలుతో నింపేయాలి. జబ్బు లేకున్నా దాని జన్యువును మోస్తున్నవాళ్లు, అంటే క్యారియర్లు, ఉంటే సగం నింపాలి. ఎవరి కోసం ఈ పటం మొదలుపెట్టారో ఆ మనిషి పక్కన బాణం గుర్తు.

ఇక మన ఇళ్లకు బాగా పనికొచ్చే గుర్తు ఒకటుంది. రక్తసంబంధంలో పెళ్లి జరిగితే భార్యాభర్తల మధ్య ఒక గీత బదులు రెండు గీతలు గీయాలి. చాలా దేశాల్లో డాక్టరు చదువులో నేర్చుకుని మర్చిపోయే గుర్తు ఇది. మన దగ్గర మూడు తరాల పటం గీస్తే జంట గీత ఒక్కటైనా కనిపించని ఇల్లు తక్కువ. ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పటికీ సుమారు పావు వంతు పెళ్లిళ్లు దగ్గరి బంధుత్వంలోనే జరుగుతున్నాయని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది.

కాగితాన్ని అడ్డంగా పెట్టుకోండి. పైవరసలో తాతలు, నాయనమ్మలు, అమ్మమ్మలు. మధ్య వరసలో అమ్మానాన్నలు, వాళ్ల తోబుట్టువులు. కింద మీరు, మీ అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, పెదనాన్న, బాబాయి, మేనమామ, మేనత్త, పెద్దమ్మ, పిన్నుల పిల్లలు. ఈ మూడు వరసలకు తక్కువ గీస్తే చదవడానికి ఏమీ మిగలదు.

అడగడంలోనే ఉంది పని

"మన వాళ్లలో ఏమైనా జబ్బులున్నాయా?" అని అడిగారా, "మా ఇంటా వంటా లేవు" అని జవాబొస్తుంది. అక్కడితో మీ పరిశోధన అయిపోయినట్టే. పిల్ల పెళ్లికి అడ్డొస్తుందేమోనని భయం, అందుకే అలా అంటారు. తప్పు పట్టక్కర్లేదు.

పిల్లల లెక్క నుంచి మొదలుపెట్టండి. "అమ్మమ్మా, నీకు మొత్తం ఎన్ని కాన్పులు? మొదటి బిడ్డ ఎవరు? ఆ తర్వాత?" అని వరసగా అడగండి. పాతకాలం మనిషి ప్రతి కాన్పూ గుర్తుపెట్టుకునే ఉంటుంది. దక్కని బిడ్డ దగ్గర కాసేపు ఆగి, మెల్లగా అడగండి. ఎన్నో నెలలో పోయాడు? పాలు తాగేవాడా? మెడ నిలిపాడా? ఫిట్స్ వచ్చేవా? రక్తం లేక పాలిపోయాడా? "దిష్టి తగిలింది", "గాలి సోకింది" అంటే అదే మాట రాసుకుని, పక్కన లక్షణాలు కూడా రాయండి. ఆరో నెల దాటాక పాలిపోయి, పొట్ట ఉబ్బి, రెండేళ్లలోపు పోయిన బిడ్డ అంటే ఏ డాక్టరుకైనా తలసీమియా, అంటే ఒంట్లో రక్తం సరిగ్గా తయారుకాని జబ్బు, గుర్తుకొస్తుంది. పుట్టిన వారంలోనే పాలు మానేసి, మగతగా పడి ఉండి పోయిన బిడ్డ అయితే అనుమానం వేరే జబ్బుల మీదికి వెళుతుంది. "చిన్నప్పుడే పోయాడు" అన్న ముక్కతో ఏదీ తేలదు.

తర్వాత పెద్దవాళ్ల సంగతి. గుండెపోటు వచ్చిందంటే ఏ వయసులో? 75లో వచ్చిన గుండెపోటు, 42లో వచ్చిన గుండెపోటు ఒకటి కావు. మగవాళ్లలో 55 లోపు, ఆడవాళ్లలో 65 లోపు వస్తే దాన్ని ప్రత్యేకంగా రాయండి. రొమ్ము క్యాన్సర్‌కూ అంతే, 50 లోపు వచ్చిందా అన్నది ముఖ్యం. పుట్టు చెవుడు, రేచీకటి, నడక ఆలస్యం, ఆరు వేళ్లు, ఆపరేషన్ తర్వాత స్పృహ, కదలిక రావడం ఆలస్యమైనవాళ్లు, ఏదైనా మాత్ర వేసుకోగానే ఒళ్లు పచ్చబడి మూత్రం ముదురు రంగులో పోసినవాళ్లు ఎవరైనా ఉన్నారా అని విడివిడిగా అడగండి.

ఇంకో మాట. అమ్మవైపు వివరాలు అమ్మనో పిన్నినో అడగాలి, నాన్నని కాదు. దత్తత వచ్చినవాళ్లుంటే ఆ సంగతి తప్పకుండా తెలుసుకోండి. ఇంటిపేరు మారుతుంది గానీ రక్తం మారదు.

బ్లడ్ గ్రూపులతో చేయి తిప్పుకోండి

పటం గీశాక నేరుగా జబ్బుల్లోకి దిగకుండా అందరి బ్లడ్ గ్రూపులు వేసి చూడండి. అనువంశికత ఎలా నడుస్తుందో చూడటానికి ఇంట్లో దొరికే తేలికైన పాఠం ఇది. దాదాపు ప్రతి జన్యువుకూ మన దగ్గర రెండు ప్రతులుంటాయి, అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి. పదో తరగతి పుస్తకంలో బఠానీ మొక్కల దగ్గర చదువుకున్న బహిర్గతం (ఒక్క ప్రతి ఉన్నా బయటపడేది), అంతర్గతం (రెండు ప్రతులూ అదే అయితేనే బయటపడేది) ఇక్కడా అవే. ఏ, బీ బహిర్గతాలు. ఓ అంతర్గతం. ఆర్‌హెచ్ పాజిటివ్ బహిర్గతం, నెగటివ్ అంతర్గతం. అందుకే అమ్మానాన్నలిద్దరూ పాజిటివ్ అయినా బిడ్డ నెగటివ్ కావచ్చు. ఇద్దరూ లోపల ఒక్కో నెగటివ్ ప్రతి దాచుకుని ఉంటే చాలు. దాగి ఉండటం అంటే ఇదే. జబ్బుల కథ కూడా ఇక్కడి నుంచే మొదలవుతుంది.

ఆర్‌హెచ్ నెగటివ్ ఆడవాళ్ల పక్కన ఎర్ర సిరాతో గుర్తు పెట్టుకోండి. భర్త పాజిటివ్ అయితే గర్భం వచ్చిన మొదట్లోనే డాక్టరుకు చెప్పాలి. 28వ వారంలో ఒకసారి, బిడ్డ పాజిటివ్ అని తేలితే కాన్పైన 72 గంటల్లోపు మరోసారి యాంటీ-డీ ఇంజెక్షన్, అంటే తల్లి ఒళ్లు బిడ్డ రక్తం మీద తిరగబడకుండా ఆపే మందు, అవసరమవుతుంది.

పటంలో గ్రూపులు లెక్కకు కుదరకపోతే, ఉదాహరణకు ఓ తల్లిదండ్రులకు ఏ బిడ్డ ఉంటే, దయచేసి ఇంట్లో గొడవ పెట్టుకోకండి. పాత రిపోర్టుల్లో తప్పులు మామూలే. పైగా 1952లో బొంబాయిలో డాక్టర్ భెండే బృందం గుర్తించిన 'బాంబే గ్రూపు' మామూలు పరీక్షలో ఓ లాగానే కనిపిస్తుంది. వాళ్ల దగ్గర ఏ, బీ జన్యువులు దాగి ఉండి పిల్లలకు వెళ్లగలవు. మళ్లీ పరీక్ష చేయించండి, అంతే.

నాలుక గొట్టంలా చుట్టగలరా, చెవి తమ్మె అతుక్కుని ఉందా అనే సరదా పరీక్షలు మాత్రం పటంలో వేయకండి. వాటిని మేమే క్లాసులో చెప్పాం, తప్పే. అవి ఒక్క జన్యువుతో తేలే లక్షణాలు కావు. అచ్చంగా ఒకేలా ఉండే కవలల్లో ఒకరు నాలుక చుట్టగలిగి, మరొకరు చుట్టలేకపోవడం 1950ల్లోనే చూశారు. ఒళ్లు రంగు, ఎత్తు కూడా అంతే. వందల జన్యువులు తలా కాస్త చేయి వేస్తాయి.

నింపిన గుర్తుల దారి చూడండి

ఇప్పుడు పటాన్ని చేతి దూరంలో పెట్టుకుని నింపిన గుర్తులు ఎలా పరుచుకున్నాయో చూడండి. ముఖ్యంగా మూడు దారులు.

ప్రతి తరంలోనూ ఉండి, ఆడామగా తేడా లేకుండా, జబ్బున్న మనిషి పిల్లల్లో దాదాపు సగం మందికి వస్తుంటే అది బహిర్గతం. అమ్మానాన్నల్లో ఒకరి నుంచి ఒక్క ప్రతి వచ్చినా చాలు. ఆరు వేళ్లు చాలా ఇళ్లలో ఇలాగే దిగుతాయి. ఒక్కోసారి మధ్యలో ఒక తరంలో బయటపడకుండా జారిపోయి మనవడి చేతికి మళ్లీ కనిపిస్తాయి. కుటుంబంలో చిన్న వయసు గుండెపోట్లకు కారణమయ్యే పుట్టుకతో వచ్చే అధిక కొలెస్ట్రాల్‌ కూడా ఇదే వరస.

రెండో దారిలో జబ్బు దాదాపు మగపిల్లలకే వస్తుంది, ఆడవాళ్ల మీదుగా నడుస్తుంది. రైల్వేలో లోకో పైలట్ ఉద్యోగానికి రాతపరీక్ష గట్టెక్కి, మెడికల్‌లో రంగుల చుక్కల పుస్తకం దగ్గర ఫెయిలైన కుర్రాడు మీకు తెలిసే ఉంటాడు. అప్పటిదాకా తనకు వర్ణాంధత ఉందని వాడికే తెలియదు. "మా నాన్నకు లేదే" అంటాడు. నాన్నను కాదు, అమ్మ వాళ్ల నాన్నను అడగాలి. ఆ జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. కొడుక్కి ఎక్స్ అమ్మ నుంచే వస్తుంది, నాన్న ఇచ్చేది వై. అందుకే తాతకున్న లోపం, రెండు ఎక్స్‌లున్న కూతురి దగ్గర బయటపడకుండా దాక్కుని మనవడి దగ్గర బయటపడుతుంది. రక్తం సరిగ్గా గడ్డకట్టని హీమోఫీలియా, డుషేన్ కండరాల క్షీణత కూడా ఈ దారిలోనివే. వీటిని వెతికేటప్పుడు మేనమామల వరస చూడండి. అమ్మ తమ్ముడు, అమ్మమ్మ అన్నదమ్ములు, పిన్ని కొడుకులు. పటంలో తండ్రి నుంచి కొడుక్కి ఒక్కసారైనా దిగిందంటే అది ఈ దారి కాదన్నమాట.

ఎర్రకణాలను కాపాడే ఒక ఎంజైమ్ తక్కువగా ఉండే జీ6పీడీ లోపం కూడా ఎక్స్ మీదిదే. మామూలుగా ఏ ఇబ్బందీ ఉండదు. మలేరియాకు ఇచ్చే ప్రైమాక్విన్ వంటి మందు పడితే మాత్రం ఎర్రకణాలు పగిలిపోతాయి. ఇందాక ముదురు రంగు మూత్రం గురించి అడగమన్నది అందుకే. మన్యం ప్రాంతాల్లో ఉండేవాళ్లు, అటు ఉద్యోగానికి వెళ్లేవాళ్లు ఈ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి.

మూడోది అంతర్గతం. మన పటాల్లో ఎక్కువగా తగిలేదీ, ఎక్కువగా మోసపోయేదీ దీని దగ్గరే. పై తరాల్లో ఎవరికీ ఉండదు. ఉన్నట్టుండి ఒకే అమ్మానాన్నల పిల్లల్లో ఇద్దరికి వస్తుంది. పైన చూస్తే జంట గీత ఉంటుంది. "మా వంశంలో లేదు, కోడలొచ్చాకే వచ్చింది" అనే మాట ఇక్కడే పుడుతుంది. ఆ మాట శుద్ధ తప్పు. అంతర్గత జబ్బు రావాలంటే అమ్మ నుంచి ఒక ప్రతి, నాన్న నుంచి ఒక ప్రతి రావాల్సిందే. ఇద్దరిలో ఒక్కరి 'తప్పు'తో అది జరగదు. తలసీమియా, ఎర్రకణాలు కొడవలి ఆకారంలోకి మారే సికిల్ సెల్, పుట్టు చెవుడులో చాలా రకాలు ఈ వరసలోనివి.

ఇద్దరూ క్యారియర్లయితే ప్రతి గర్భానికీ రెండు నాణేలు ఎగరేసినట్టు. రెండూ బొరుసు పడితే జబ్బు, అంటే నాలుగింట ఒక వంతు. ఒక బొమ్మ, ఒక బొరుసు పడితే క్యారియర్. ఇక్కడో పొరపాటు చేస్తారు, "మొదటి బిడ్డకు వచ్చింది కాబట్టి తర్వాత ముగ్గురికీ భయం లేదు" అని. నాణేనికి జ్ఞాపకం ఉండదండి. ప్రతిసారీ మళ్లీ నాలుగింట ఒక వంతే.

ఇంట్లో అందరికీ ఉన్నదల్లా జన్యువు కాదు

లెక్కలోకి దిగే ముందు కొన్ని గుర్తులు కొట్టేయాలి. నల్గొండ జిల్లాలో ఫ్లోరైడ్ నీళ్లు తాగిన ఊళ్లలో తాత, తండ్రి, కొడుకు ముగ్గురికీ కాళ్లు వంకర తిరిగిన ఇళ్లుండేవి. పటం గీస్తే అచ్చం బహిర్గత జబ్బులాగే కనిపిస్తుంది. వాళ్లు పంచుకున్నది బోరింగు నీళ్లు. శ్రీకాకుళం ఉద్దానంలో ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురికి కిడ్నీలు పాడవుతాయి. అక్కడి కారణం ఇంకా పూర్తిగా తేలలేదు, కాబట్టి వంశపారంపర్యం అని ముద్ర వేసేయకూడదు. క్షయ, కుష్ఠు అంటువ్యాధులు. షుగరు, బీపీ మధ్యరకం. జన్యువుల వాటా ఉంది, తిండి వాటా ఉంది, ఏ ఒక్క దారికీ లొంగవు. పటంలో వాటిని రాయండి గానీ లెక్కలు కట్టకండి.

తేడా కనిపెట్టడానికి ఒక ఉపాయం ఉంది. కోడళ్లను చూడండి. బయటినుంచి వచ్చి, అదే నీళ్లు, అదే తిండి తింటున్న కోడళ్లకూ అదే జబ్బు వస్తుంటే కారణం ఇంట్లో, ఊళ్లో ఉంది. మేనరికం కోడలైతే ఈ ఉపాయం పనిచేయదనుకోండి.

మేనరికం లెక్క

మన బంధుత్వాల పేర్లకూ జన్యువులకూ పొత్తు కుదరదు. మేనత్త కొడుకు బావ, పెదనాన్న కొడుకు అన్న. ఒకరిని చేసుకోవచ్చు, మరొకరిని తలచుకోవడమే పాపం. జన్యువుల దృష్టిలో ఇద్దరితోనూ మీకున్న పొత్తు ఒక్కటే, ఎనిమిదింట ఒక వంతు. అక్క కూతురితో మేనమామకున్న పొత్తు నాలుగింట ఒక వంతు, అంటే బావామరదళ్లకు రెట్టింపు. గోత్రం, ఇంటిపేరు తండ్రి నుంచి కొడుక్కి దిగే వై క్రోమోజోమ్ నడిచే దారిలోనే నడుస్తాయి. అమ్మవైపు నుంచి వచ్చిన సగం వాటి లెక్కలోకి రాదు. ఇంటిపేర్లు వేరు కాబట్టి రక్తం వేరు అనుకోవడం కుదరదన్నమాట.

ఇప్పుడు ఒక ఉదాహరణ గీసి చూద్దాం. ఒక అమ్మాయి ఉంది. ఆమె తమ్ముడికి తలసీమియా. అమ్మాయి ఆరోగ్యంగా ఉంది. తమ్ముడికి జబ్బు వచ్చిందంటే అమ్మ, నాన్న ఇద్దరూ క్యారియర్లే. అనుమానం లేదు, ఇద్దరి గుర్తులూ సగం నింపేయండి. అమ్మాయికి జబ్బు లేదని తెలుసు కాబట్టి నాలుగు అవకాశాల్లో ఒకటి కొట్టేస్తే మూడు మిగిలాయి. ఆ మూడింటిలో రెండు క్యారియర్. అంటే ఆమె క్యారియర్ అయ్యే అవకాశం మూడింట రెండు. చాలామంది సగం అనుకుంటారు.

మేనమామను చేసుకుంటే? అమ్మ క్యారియర్ అంటే అమ్మమ్మ, తాతల్లో ఒకరు క్యారియర్. కాబట్టి మేనమామకు సగం అవకాశం. మూడింట రెండు, దాన్ని సగంతో, దాన్ని నాలుగింట ఒకటితో హెచ్చవేయండి. బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 12లో 1.

మేనమామ కొడుకును చేసుకుంటే? అతనికి నాలుగింట ఒకటి. లెక్క 24లో 1 అవుతుంది.

బయటి సంబంధమైతే? మన దేశంలో బీటా తలసీమియా క్యారియర్లు సుమారు 3 నుంచి 4 శాతం అంటారు. 4 శాతమే అనుకుంటే 25లో ఒకరు. లెక్క 150లో 1.

చూశారా, బయటి సంబంధంలోనూ సున్నా కాలేదు. అలాగని మూడూ ఒకటే అనీ కాదు. నాకు మేనరికం మీద పట్టుదల ఏమీ లేదు. ఏ జబ్బూ కనిపించని ఇళ్లలో బావామరదళ్ల పిల్లలు నూటికి 95 మంది దాకా మామూలుగానే పుడతారు. ఎవరికైనా పుట్టుకతో వచ్చే లోపాల అవకాశం నూటికి 2, 3 ఉంటే, వీళ్లకు దాదాపు మరో 2, 3 కలుస్తాయి. "మా తాతల నుంచీ చేసుకుంటున్నాం, ఏం కాలేదు" అనేవాళ్ల మాట అబద్ధం కాదు, కాకపోతే దక్కని పిల్లల లెక్క అందులో ఉండదు. పటంలో జంట గీత కింద నింపిన గుర్తు ఒక్కటి కనిపించినా, మళ్లీ అదే కుటుంబంలో జంట గీత గీసే ముందు పరీక్ష చేయించాల్సిందే. అక్క కూతురు విషయంలో మాత్రం ఏ జబ్బూ కనిపించకపోయినా డాక్టరును కలవకుండా ముందుకు వెళ్లొద్దని చెబుతాను.

బంధుత్వంలో కాకుండా ఒకే కులంలో చేసుకున్నా ఈ ముచ్చట కాస్త ఉంటుంది. వందల ఏళ్లుగా కొద్దిమంది మూలపురుషుల సంతానమే తమలో తాము పెళ్లిళ్లు చేసుకుంటూ వస్తే, అప్పటి ఒక దాగిన జన్యువు ఆ కులమంతా పాకుతుంది. దీనికి బాగా తెలిసిన ఉదాహరణ ఆర్యవైశ్యులది. ఆపరేషన్లో కండరాలు వదులవడానికి ఇచ్చే సక్సినైల్‌కోలిన్ అనే మందు మామూలుగా కొద్ది నిమిషాల్లో దిగిపోతుంది. దాన్ని విరిచే ఎంజైమ్ లోపం ఉన్నవాళ్లలో గంటల తరబడి దిగదు, ఆ సేపంతా వెంటిలేటర్ మీద ఉంచాలి. ఈ లోపం వైశ్యుల్లో మిగతావాళ్లకంటే చాలా ఎక్కువ. రోజువారీ జీవితంలో దీనివల్ల ఏ ఇబ్బందీ లేదు. మత్తు డాక్టరుకు ముందే ఒక్క మాట చెబితే వేరే మందు వాడతారు. ఇందులో చిన్నతనం ఏమీ లేదు. ప్రతి కులానికీ దానిదైన ఏదో ఒకటి ఉంటుంది, వీళ్లది ముందే కనిపెట్టారు, అంతే తేడా.

పరీక్షకు వెళ్లడం

తలసీమియా, సికిల్ సెల్ క్యారియరా కాదా అన్నది తేల్చడానికి జన్యు పరీక్షే అక్కర్లేదు. ముందు మామూలు రక్తపరీక్ష, సీబీపీ. అందులో ఎర్రకణాల సైజు చెప్పే ఎంసీవీ తక్కువగా ఉంటే, హిమోగ్లోబిన్ రకాలను విడదీసి చూపే హెచ్‌పీఎల్‌సీ అనే పరీక్ష రాస్తారు. సికిల్ సెల్ క్యారియర్లలో ఎంసీవీ మామూలుగానే ఉండొచ్చు, కాబట్టి ఆ అనుమానం ఉంటే ఎంసీవీ ఎలా ఉన్నా హెచ్‌పీఎల్‌సీ కావాలి. హెచ్‌పీఎల్‌సీలో హెచ్‌బీఏ2 అనే హిమోగ్లోబిన్ 3.5 శాతం దాటితే సాధారణంగా బీటా తలసీమియా క్యారియర్ అంటారు. జీవితంలో ఒక్కసారి చేయించుకుంటే చాలు. అయితే ఈమధ్యే రక్తం ఎక్కించుకుని ఉంటే ఫలితం తప్పుతుంది, ముందే చెప్పండి. ఐరన్ బాగా తక్కువగా ఉన్నా అంకె కిందికి దిగొచ్చు. "ఎన్ని ఐరన్ మాత్రలు మింగినా రక్తం పెరగడం లేదు" అనే ఆడవాళ్లలో కొందరు నిజానికి క్యారియర్లే.

పాడేరు, అరకు, రంపచోడవరం, భద్రాచలం, ఉట్నూరు వైపు గిరిజన కుటుంబాలకు సికిల్ సెల్ పరీక్ష ప్రభుత్వమే చేస్తోంది. 2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ కింద పరీక్ష చేసి కార్డులిస్తున్నారు. ఆ కార్డు జాగ్రత్తగా దాచుకుని, సంబంధం మాట్లాడుకునేటప్పుడు ఇద్దరి కార్డులూ పక్కపక్కన పెట్టి చూసుకోండి. ఇద్దరిలో ఒక్కరే క్యారియరైతే బిడ్డకు సికిల్ సెల్ జబ్బు రాదు. కాకపోతే రెండోవాళ్లు తలసీమియా క్యారియర్ కూడా కాదని చూసుకోవాలి, ఆ రెండూ కలిసినా జబ్బే. అన్నట్టు, ఆ అడవుల్లోనే ఈ జన్యువు ఎందుకు ఎక్కువంటే, ఒక ప్రతి ఉన్నవాళ్లు ప్రాణాంతక మలేరియా నుంచి చాలావరకు బతికి బయటపడ్డారు. దోమ ఎంపిక చేసిన జన్యువు అది.

మిగతా జబ్బులకు జన్యు పరీక్ష కావాలి. అప్పుడు మొదట పరీక్ష చేయాల్సింది ఆరోగ్యంగా ఉన్న మీకు కాదు, జబ్బున్న మనిషికి. అక్కడ ఏ మార్పు ఉందో దొరికితేనే మీలో అది ఉందో లేదో వెతకగలరు. జబ్బున్న బిడ్డ పరిస్థితి బాగాలేదని డాక్టర్లు చెబితే, ఆ బాధలోనే ఒక మాట గుర్తుంచుకోవాలి. కొన్ని మిల్లీలీటర్ల రక్తం నుంచి డీఎన్ఏ తీసి దాచమని అడగండి. ఆ బిడ్డ లేకపోయాక తర్వాతి గర్భానికి దారి చూపించేది అదొక్కటే కావచ్చు. ఇది ముందు తెలియక ఇబ్బందిపడ్డ దంపతులను చూశాను.

రిపోర్టులో 'అర్థం ఇంకా తేలని మార్పు' అని ఉంటే దాన్ని పట్టుకుని గూగుల్లో వెతికి టెన్షన్ పడకండి. జబ్బు అని కాదు, కాదని కూడా కాదు. దాని ఆధారంగా పెళ్లి ఆపడం, గర్భం తీయించడం సరికాదు.

పటం పట్టుకుని ఎక్కడికి వెళ్లాలి? హైదరాబాద్‌లో పంజాగుట్ట నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది. బేగంపేటలో ఉస్మానియా యూనివర్సిటీకి చెందిన ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ జెనెటిక్స్ ఉంది. ఉప్పల్‌లో కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడీఎఫ్‌డీ డీఎన్ఏ పరీక్షలు చేస్తుంది. తలసీమియా, సికిల్ సెల్ పిల్లలకు హైదరాబాద్‌లో తలసీమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ ఉంది. మిగతా ఊళ్లవాళ్లు జిల్లా ఆసుపత్రి పిల్లల డాక్టరుకు ముందు పటం చూపించి, ఎక్కడికి పంపితే మంచిదో అడగండి. అక్కడ మొదటి అరగంట మీ వంశం గురించి అడగడానికే పోతుంది. గీసిన కాగితం బల్లమీద పెడితే ఆ సమయమంతా మీ ప్రశ్నలకు మిగులుతుంది.

గర్భం వచ్చేసి ఉంటే

ఇక అప్పుడు వారాల లెక్క. ఇద్దరూ క్యారియర్లని తేలితే, కడుపులో బిడ్డకు జబ్బు ఉందో లేదో 11 నుంచి 13 వారాల మధ్య మాయ నుంచి చిన్న ముక్క తీసి చూడొచ్చు. అది దాటిపోతే 16వ వారం నుంచి ఉమ్మనీరు తీసి చూస్తారు. ఫలితం రావడానికి రోజులు పడతాయి, కాబట్టి నెల తప్పిన వారంలోనే డాక్టరు దగ్గరుండాలి. 2021లో సవరించిన గర్భవిచ్ఛిత్తి చట్టం ప్రకారం, 24 వారాలు దాటాక బిడ్డలో తీవ్రమైన లోపం ఉందని గర్భం తీయించాలంటే మెడికల్ బోర్డు అనుమతి కావాలి. బిడ్డ ఆడా మగా అని మాత్రం అడగకండి. 1994 నాటి లింగనిర్ధారణ నిషేధ చట్టం ప్రకారం చెప్పడమూ నేరమే, అడగడమూ నేరమే.

పటం మూలన తేదీ వేసి, ఏ వివరం ఎవరు చెప్పారో చిన్న అక్షరాలతో రాయండి. ఫొటో తీసి ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పెట్టొద్దు, పెళ్లిళ్ల పేరయ్య చేతికి అసలే ఇవ్వొద్దు. కొత్త బిడ్డ పుట్టినప్పుడల్లా కింద ఒక గుర్తు చేరుతుంది కదా, అందుకని అడుగున నాలుగు వేళ్ల ఖాళీ వదిలి గీయండి.